టెక్సాస్ సరిహద్దు ఊళ్ళ పాత ఇటుక కొట్లు: గోడ చూసి కాలం చెప్పడం, సున్నం సరిగ్గా పెట్టడం

1. వ్యాలీ_విద్య

రియో గ్రాండె నదికి టెక్సాస్ వైపున బ్రౌన్స్‌విల్, రియో గ్రాండె సిటీ, రోమా, లరేడో ఊళ్ళ నడిబొడ్డున పాత ఇటుక కొట్లు చాలా ఉన్నాయి. కొన్నిటికి సిమెంటు పూశారు, కొన్నిటికి తాళాలు వేలాడుతున్నాయి. నావి రెండు ప్రశ్నలు.

కాగితాలు దొరకనప్పుడు గోడను చూసి అది 1850ల నాటిదో, 1880ల నాటిదో, రైలు వచ్చాక కట్టిందో పోల్చుకోవడం ఎలా?

రెండంతస్తుల కొట్టు ఒకటి కొనాలనుకునేవాళ్ళు ముందుగా ఏం తనిఖీ చెయ్యాలి? దాని ముందు గోడ నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా పెచ్చులూడుతోంది. ఇటుకల సందుల్లో బూడిదరంగు సిమెంటు కనిపిస్తోంది.

2. పాతపటం

మొదటి ప్రశ్నకు జవాబు నేలలోనే ఉంది విద్య గారూ. బ్రౌన్స్‌విల్ డెల్టా ఊరు. ఎంత తవ్వినా ఒండ్రుమట్టే, రాయి అన్నది దొరకదు. రోమా ఎగువన ఇసుకరాతి గుట్ట మీద ఉంది. మన దగ్గర కోనసీమ ఇంటికీ పల్నాడు ఇంటికీ ఉన్నంత తేడా అనుకోండి. అందుకే బ్రౌన్స్‌విల్‌లో ఇటుక 1850ల నుంచే కనిపిస్తుంది. రోమాలో తొలి తరం కట్టడాలు ఇసుకరాయి, పైన సున్నపు పూత. ఇటుక అక్కడ 1880లలో గానీ జోరందుకోలేదు. రోమాలో పూత వెనక రాయి బయటపడితే అది పాత తరం అనుకోవచ్చు. బ్రౌన్స్‌విల్‌లో ఇటుక ఉన్నంత మాత్రాన కాలం చెప్పలేం.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1848లో అమెరికా, మెక్సికోల మధ్య కుదిరిన గ్వాడలూపె ఇదాల్గో ఒప్పందంతో నది సరిహద్దు అయింది. అదే ఏడు వర్తకుడు చార్లెస్ స్టిల్‌మన్ ఫోర్ట్ బ్రౌన్ అనే సైనిక కోట పక్కన బ్రౌన్స్‌విల్‌కు స్థలాలు గీయించాడు. నదికి అవతల మెక్సికో ఒడ్డున ఉన్న మాటమోరోస్ అప్పటికే పెద్ద వర్తక పట్టణం. 1850లో స్టిల్‌మన్, మిఫ్లిన్ కెనెడీ, రిచర్డ్ కింగ్ కలిసి ఆవిరి పడవల సంస్థ పెట్టారు. పడవలు ఎదురెక్కగలిగిన చివరి రేవు రోమా. తోళ్ళు, ఉన్ని దిగువకు వెళ్ళేవి, బట్టలు, ఇనుప సామాను పైకి వచ్చేవి. రోమాలో ప్లాసా, అంటే ఊరి నడిమి చౌకు, నది వైపు తెరుచుకుని ఉండటానికి కారణం ఆ రేవే. సరుకు దిగేచోటికి కొట్లు ముఖం పెట్టి నిలబడ్డాయి.

తర్వాత రెండు పెద్ద మలుపులు. 1858లో మెక్సికోలోని తమౌలిపాస్ రాష్ట్ర ప్రభుత్వం సరిహద్దు వెంబడి సుంకం లేని మండలం పెట్టింది, దాని పేరు సోనా లిబ్రె. యూరప్ సరుకు మెక్సికో ఒడ్డున చవక కావడంతో టెక్సాస్ వర్తకులు గగ్గోలు పెట్టారు. అది 1905 దాకా సాగింది. రెండోది అమెరికా అంతర్యుద్ధం. 1861 నుంచి 1865 వరకు ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధిస్తే పత్తి మాటమోరోస్ మీదుగా, నది సముద్రంలో కలిసేచోట మెక్సికో వైపున్న బగ్దాద్ అనే రేవు చేరి సముద్రం దాటింది. ఈ ఊళ్ళలో పోగుపడిన డబ్బులో చాలా భాగం ఆ నాలుగేళ్ళదే.

బ్రౌన్స్‌విల్ భవనాల కాలం కట్టేటప్పుడు రెండు తేదీలు మనసులో ఉంచుకోండి. 1863 నవంబరులో దక్షిణాది సైన్యం ఊరు వదులుతూ పెట్టిన మంటకు ఫోర్ట్ బ్రౌన్‌లోని మందుగుండు పేలి ఊరి కొట్లు కొన్ని తగలబడ్డాయి. 1867 అక్టోబరులో తుపాను మిగిలినవాటిని దెబ్బతీసింది. ఎవరైనా వాణిజ్య భవనం 1850ల నాటిదని చెబితే ఈ రెండు గండాలనూ అది ఎలా దాటిందో ఆధారం అడగాలి.

3. తాపీ_త్రిమూర్తులు

పటం గారు నేల సంగతి చెప్పారు, నేను ఇటుక సంగతి చెబుతా. ఒక టార్చి, కొలబద్ద, పాత తాళంచెవి ఉంటే చాలు.

ముందు టార్చిని గోడకు ఆనించి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. చేత్తో అచ్చు పోసిన ఇటుకకు మూలలు కాస్త మొద్దుగా, ముఖం గరుకుగా ఉంటాయి. అచ్చుకు అంటకుండా చల్లిన ఇసుక రేణువులు మీద కనిపిస్తాయి. ఒక్కో ఇటుక ఒక్కో కొలత. పది ఇటుకలు కొలిస్తే పొడవులో అరంగుళం దాకా హెచ్చుతగ్గులు వచ్చినా ఆశ్చర్యం లేదు. తీగతో కోసిన యంత్రపు ఇటుక ముఖం మీద సన్నని సమాంతర గీతలుంటాయి. యంత్రంలో ఒత్తిన ఇటుకకు అంచులు కత్తిలా ఉంటాయి, సందు మూడు మిల్లీమీటర్లకు మించదు. ఈ మూడో రకం ఈ ఊళ్ళలో కనిపిస్తే రైలెక్కి వచ్చిందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. లరేడోకి రైలు 1881లో వచ్చింది, బ్రౌన్స్‌విల్‌కి దూరప్రాంతాల నుంచి రైలు 1904లో. ఆ రెండు ఊళ్ళ మధ్య ఇరవై మూడేళ్ళ తేడా గోడల్లోనే చదవొచ్చు.

ఊడిన ఇటుక దొరికితే తిరగేసి చూడండి. డిహానిస్ అని ముద్ర ఉంటే అది టెక్సాస్‌లోనే ఉన్న డిహానిస్ ఊరి ఫ్యాక్టరీది. ఆ కంపెనీ 1905లో మొదలైంది కాబట్టి గోడలో ఆ భాగం అంతకు ముందుది కాదు. ఒక్క మాట: ఒక ఇటుకను బట్టి భవనం మొత్తానికి తేదీ కట్టొద్దు. కిటికీ పూడ్చినచోట, పిట్టగోడ తిరిగి కట్టినచోట కొత్త ఇటుకే ఉంటుంది.

తర్వాత రంగు. ఆవంలో కాల్చిన ఇటుక అంతా ఒకేలా కాలదు. నిప్పుకు దగ్గరగా ఉన్నవి ముదురు రంగు తిరిగి గట్టిపడతాయి, అంచున ఉన్నవి లేత గులాబీ రంగులో పచ్చిగా మిగులుతాయి. గట్టివి గోడ బయటి ముఖానికి, పచ్చివి లోపలి పొరకు వాడటం ఏ దేశంలోనైనా తాపీ మేస్త్రి చేసే పనే. అందుకే లోపలి గోడ పూత చెక్కేసి ఇటుకను అందంగా బయటపెడదాం అనే ఆలోచన ప్రమాదం. వాతావరణానికి తట్టుకోని ఇటుకను, పూత కింద ఉండాల్సినదాన్ని, మీరే బయటపెట్టినట్టవుతుంది.

చివరిగా కట్టుబడి. ఐదారు వరుసలు పొడుగు ఇటుకలు పెట్టి ఆ పైవరుస అంతా అడ్డు ఇటుకలు పెడితే గోడ లోపలి పొరా బయటి పొరా కలిసి ఉన్నట్టు. ఎక్కడా అడ్డు ఇటుక కనబడకపోతే రెండే అవకాశాలు. ముందు ముఖం తర్వాత తొడిగిన తొడుగు కావచ్చు, లేదా లోపల దాపుడు కట్టు, అంటే బయటికి కనబడకుండా పొరలను కలిపే కట్టు, ఉండొచ్చు. కొనేముందు ఒకచోట లోపలి నుంచి చూసి తీరాలి.

4. ఆస్టిన్_అనంత్

అంత వెతుకులాట ఎందుకండీ? అచ్చు ఇటుక కార్నిసు (గోడ తలన ముందుకు పొడుచుకొచ్చే అలంకారపు అంచు), గోడకు అంటిన చదరపు స్తంభాలు కనిపిస్తే అది 1880ల మేస్త్రి పోర్ట్‌షెలర్ కట్టిందే కదా. సరిహద్దు ఇటుక శైలి అంటేనే ఆయన.

5. పాతపటం

అక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు అనంత్ గారూ. హైన్రిక్ పోర్ట్‌షెలర్ గొప్పవాడు, అందులో సందేహం లేదు. జర్మనీలోని ఎన్స్‌హైమ్‌లో పుట్టి, 1860లలో మాక్సిమిలియన్ చక్రవర్తిగా ఉన్న రోజుల్లో మెక్సికో వచ్చి, 1883 ప్రాంతంలో రోమాలో స్థిరపడ్డాడు. అక్కడ ఆయనను ఎన్రికే అనేవారు. రోమాలో మాన్యుయెల్ గెర్రా కొట్టూ ఇల్లూ 1884, నెస్తోర్ సాయెన్స్ కొట్టు 1884, రియో గ్రాండె సిటీలో సిల్వేరియో దె లా పేన్యా మందుల దుకాణం 1886. ఇవి ఆయన పనులు. తర్వాత లరేడో వెళ్ళి 1915లో అక్కడే పోయాడు.

కానీ ఆయన ఈ దారికి రాకముందే ఇటుక ఉంది. బ్రౌన్స్‌విల్‌లో స్టిల్‌మన్ ఇల్లు 1850 ప్రాంతానిది. అక్కడి ఇమాక్యులేట్ కన్సెప్షన్ చర్చి 1859లో పూర్తయింది. దాన్ని రూపొందించిన పియెర్ ఈవ్ కెరలమ్ ఫ్రాన్సు నుంచి వచ్చిన మతగురువు. అంత చర్చికి సరిపడా ఇటుక స్థానికంగా కాల్చారంటే 1850ల నాటికే ఆవాలు మండుతున్నాయన్నమాట. పోర్ట్‌షెలర్ పోయిన దారిలో ఇతరులూ నడిచారు. బ్రౌన్స్‌విల్‌లో లా మద్రిలేన్యా 1892లో, లా నుయేవా లిబెర్తాద్ 1893లో కట్టారు. రెండూ మూలమీద కొట్లే, వాటి ఇటుక అలంకారం చూడదగ్గదే. కార్నిసు కనిపించిన ప్రతిచోటా ఆయన పేరు రాసేస్తే ఆ గోడలు లేపిన, ఆ ఇటుకలు కాల్చిన సరిహద్దు మేస్త్రీల పని మొత్తం ఆయన ఖాతాలోకి పోతుంది. నాకు అది అన్యాయం అనిపిస్తుంది.

పోర్ట్‌షెలర్ ప్రత్యేకత వేరే ఉంది. మామూలు ఇటుకను చెక్కి ఆకారం తెప్పించలేదు. వంపు ఇటుక, అంచు ఇటుక, స్తంభం తల ఇటుక, ఒక్కోదానికి వేరే చెక్క అచ్చు పెట్టి పచ్చిమట్టిలోనే ఆకారం తెచ్చి కాల్పించాడు. చెక్కిన ఇటుకకు పైపొర పోయి లోపలి మెత్తని మట్టి బయటపడుతుంది, వానకు త్వరగా అరుగుతుంది. అచ్చులో పోసిన ఇటుకకు కాలిన పైపొర చుట్టూ ఉంటుంది. టార్చి పెట్టి చూస్తే వంపు మీద ఉలి గీతలున్నాయో ఇసుక గరుకుందో తెలుస్తుంది.

6. వ్యాలీ_విద్య

ధన్యవాదాలు. ఈ కొట్లకు కింది అంతస్తులో కిటికీలు లేవు, అన్నీ జంట తలుపులే. మూలకొట్టుకైతే మూల కోసేసి అక్కడ తలుపు పెట్టారు. ఇది ఫ్యాషనా, అవసరమా?

7. పాతపటం

అవసరమే. వేసవిలో 38 డిగ్రీలు మామూలైన చోట ప్రతి తలుపూ గాలికి దారి. పైకప్పు ఎత్తుగా ఉండటమూ అందుకే. బండి నుంచి సరుకు ఏ తలుపు దగ్గరైనా దించొచ్చు, రాత్రి అన్నిటికీ అడ్డగడియ వేస్తే కోటే. కోసిన మూల మెక్సికో ఊళ్ళ అలవాటు. రెండు వీధుల జనం ఒకే గుమ్మానికి వస్తారు. కింద కొట్టు, పైన యజమాని కాపురం, మధ్యలో ఇనుప కటకటాల బాల్కనీ. రోమాలో గెర్రా భవనం దీనికి మంచి నమూనా.

8. మిద్దె_మాధవి

పైకప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. గోడలకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం పైనుంచే మొదలవుతాయి.

పాత సరిహద్దు భవనాలకు చదును మిద్దె. దంతెల (చిన్న దూలాల) మీద పలకలో పలుచని ఇటుకబిళ్ళలో పరిచి, వాటిపైన సున్నం, ఇసుక, గులకరాయి కలిపిన మందపాటి పొర వేసి దిమ్మిస కొట్టేవారు. దాన్ని అక్కడ చిపిచిల్ అంటారు. మన మద్రాసు మిద్దె తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ టేకు దంతెల మీద సన్న ఇటుకను ఏటవాలు వరుసల్లో నిలబెట్టి, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు వేసి దిమ్మిస కొడతాం. సూత్రం ఒకటే: దిమ్మిస కొట్టిన సున్నం బిగుసుకుని నీటిని నిలువరిస్తుంది, సన్న పగుళ్ళు వచ్చినా తనంతట తాను కొంత పూడుకుంటుంది.

ఈ మిద్దెకు శత్రువులు ముగ్గురు. మొదటిది పూడుకుపోయిన తూములు. నీరు పిట్టగోడలోంచి బయటికి దూకే గొట్టాలను అక్కడ కనాలేస్ అంటారు. అవి గోడకు అడుగు దూరంలోనైనా నీటిని విసరాలి. కురచగా విరిగిపోతే నీళ్ళు ముందు గోడ మీదనే కారుతాయి. రెండోది తారు. కారిన ప్రతిసారీ తారు పొర మీద పొర వేస్తే బరువు పెరుగుతుంది, కింద చిక్కుకున్న తేమ ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది. మూడోది గోడలో దూర్చిన దంతె కొన. గోడ తడిస్తే ముందు కుళ్ళేది అదే.

తనిఖీ ఇలా చెయ్యండి: కప్పు కిందికి వెళ్ళి ప్రతి దంతె గోడలోకి దూరేచోట సన్నని స్క్రూడ్రైవరుతో గుచ్చండి. పావు అంగుళం మించి మెత్తగా దిగితే ఆ కొన పోయినట్టే. దంతెల మీద రంపపు గీతలూ చూడండి. గీతలు వంపు తిరిగి ఉంటే గుండ్రటి రంపంతో కోసినవి. మేకు ఊడితే దాచండి. నలుపలకల మేకు అయితే పాతది, గుండ్రటి తీగ మేకు అయితే 1890 తర్వాతది అయ్యే అవకాశం ఎక్కువ.

బయట గోడ మీద నక్షత్రం ఆకారపు ఇనుపబిళ్ళలు కనిపిస్తే అలంకారం అనుకోవద్దు. ఎప్పుడో గోడ బయటికి పొంగితే లోపలి నుంచి ఇనుప కడ్డీతో లాగి పట్టిన గుర్తు. తూకంగుండు వేసి ఒక్కో అంతస్తుకు ఎంత తేడా ఉందో రాసుకోండి. తేడా గోడ మందంలో ఆరో వంతుకు దగ్గరపడితే పాత భవనాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు చూసేదాకా సంతకం పెట్టొద్దు.

9. తాపీ_త్రిమూర్తులు

ఇక విద్య గారి రెండో ప్రశ్న, మూడడుగుల పెచ్చులు. చూడకపోయినా జబ్బు తెలుస్తోంది. సందుల్లో సిమెంటు ఉందన్నారుగా.

మెత్తని ఇటుకకు సున్నమే జోడి. నేలతేమ గోడలోకి ఎక్కుతుంది, ఎక్కినది ఎక్కడో ఒకచోట ఆవిరవ్వాలి. సందులో సున్నం ఉంటే అక్కడే ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే పేరుకుంటుంది, అరిగేది సున్నమే. యాభై ఏళ్ళకో అరవై ఏళ్ళకో కొత్త సున్నం పెట్టుకుంటాం. సందులో సిమెంటు దట్టించగానే తేమ దారి మార్చుకుని ఇటుక ముఖంలోంచి వెళ్ళడం మొదలుపెడుతుంది. ఉప్పు పలుకులు ఇటుక పైపొర వెనక కట్టి దాన్ని లోపలి నుంచి తోసేస్తాయి. గోడ మీద తెల్లగా పైకి కనిపించే చవుడు అంత ప్రమాదం కాదు, పొడి బ్రష్షుతో పోతుంది. పొర వెనక కట్టే ఉప్పే ఇటుకను తినేది. కొన్నాళ్ళకు సిమెంటు సందులు తేనెపట్టు గదుల్లా ముందుకు పొడుచుకొచ్చి, మధ్యలో ఇటుక గుంటపడి ఉంటుంది. విద్య గారి గోడ అక్కడికే వెళ్తోంది.

పని వరుస ఇది.

ముందు నీటి మూలం ఆపాలి. గోడ పక్కన నేల లోపలి గచ్చు కంటే ఎత్తయిందేమో, కాలిబాట కాంక్రీటు గోడకు ఆనుకుని పోశారేమో, తూములు గోడ మీద పడుతున్నాయేమో చూడండి. ఇవి సరిచేసి ఒక ఎండాకాలం గోడను ఆరనివ్వండి. ఈ మెట్టు దాటేసి పాయింటింగ్, అంటే సందులు కొత్తగా నింపడం, చేస్తే డబ్బు బూడిదలో పోసినట్టే.

తర్వాత పాత సున్నం ఏమిటో తెలుసుకోవాలి. వాన తగలని ఎత్తులో, సిమెంటు లేనిచోట లోతుగా ఉలిపెట్టి ముక్క తియ్యండి. తాళంచెవితో గీస్తే పొడి రాలుతూ మధ్యలో తెల్లని సున్నపు గుళ్ళు కనిపిస్తే అది సున్నమే. ఆరబెట్టి యాభై గ్రాములు తూచి, పొడి చేసి, పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వెయ్యండి. ఆమ్లాన్ని నీళ్ళలో పొయ్యాలి, నీళ్ళను ఆమ్లంలో కాదు. చేతితొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. పొంగు ఆగాక వడగట్టి, కడిగి, ఆరబెట్టి తూస్తే ఇసుక బరువు వస్తుంది, జల్లెడ పడితే దాని పలుకు తెలుస్తుంది. ఇక్కడో చిక్కుంది. ఈ ప్రాంతపు నేలలో కాలీచే, అంటే మన సున్నపు గులక లాంటిది, బాగా ఉంటుంది. దాన్నే కాల్చి సున్నం చేసేవారు. ఇసుకలో కూడా ఆ పలుకులుంటే ఆమ్లం వాటినీ కరిగించేస్తుంది, సున్నం ఉన్నదానికంటే ఎక్కువ లెక్క వస్తుంది. భూతద్దంతో ముక్కను ముందే చూసి ఉంచుకోండి.

సిమెంటు తియ్యడం అన్నిటికంటే జాగ్రత్త పని. నిలువు సందుల్లో గ్రైండరు పెట్టొద్దు, ఇటుక మూలలు తెగిపోతాయి. అడ్డ సందుల్లో మాత్రం నడిమధ్య సన్నగా ఒక్క గీత కోసి, మిగతాది సన్న ఉలితో లోపలికి కొట్టి తియ్యాలి. సిమెంటు ఇటుకను అంటిపట్టుకుని, తీస్తుంటే ఇటుక అంచు కూడా వస్తోందనుకోండి, ఆ చోట వదిలెయ్యడమే మంచిది. లోతు సందు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్లు. పది మిల్లీమీటర్ల సందుకు ఇరవై ఐదు చాలు.

కొత్త మిశ్రమం: నానబెట్టిన సున్నపు ముద్ద ఒక పాలు, కడిగిన గరుకు ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్ళు, కొలతపాత్రతో. కింది మూడడుగులకు సహజ హైడ్రాలిక్ సున్నం (తడిలోనూ గట్టిపడే సున్నం) కావాలంటే 2 లేదా 3.5 తరగతి చాలు, 5 తరగతి ఈ ఇటుకకు మరీ గట్టి. పది చదరపు మీటర్ల గోడకు, పది మిల్లీమీటర్ల సందు, ఇరవై ఐదు లోతు అనుకుంటే వృథాతో కలిపి యాభై లీటర్ల దాకా పడుతుంది.

సందును నీళ్ళతో తడిపి, నీరు ఇంకాక, ఆరు మిల్లీమీటర్ల పొరలుగా దట్టించాలి. బొటనవేలు ఒత్తితే ముద్ర పడీ పడనట్టు ఉన్నప్పుడు తర్వాతి పొర. ఇటుక ముఖం కంటే అర మిల్లీమీటరు లోపలికే ఆపి, గట్టి బ్రష్షుతో తట్టి ముగించాలి. ఆ తర్వాత తడి గోనెపట్టా కట్టి వారం రోజులు నీడా తడీ ఇవ్వాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో గట్టిపడుతుంది, ఎండకు గబుక్కున ఆరితే పొడై రాలిపోతుంది. ఆ ప్రాంతంలో నవంబరు నుంచి మార్చి దాకా ఈ పనికి అనువు. రాత్రి ఐదు డిగ్రీల కిందికి దిగే రోజుల్లో మాత్రం ఆపెయ్యండి.

అంతటా మొదలుపెట్టేముందు కనబడని మూల ఒక చదరపు మీటరు నమూనా చేసి నెల రోజులు ఆగండి. తడి సున్నం రంగు చూసి ఒప్పుకున్నవాళ్ళు ఆరాక బాధపడతారు.

10. ఆస్టిన్_అనంత్

పోర్ట్‌షెలర్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా పటం గారూ. త్రిమూర్తులు గారిని ఒకటి అడగాలి. గోడకు ఏడెనిమిది పొరల రంగు ఉంటే? ఇసుక పేల్చి శుభ్రం చేస్తామని కాంట్రాక్టర్లు అంటారు. ఒక్కరోజు పని కదా.

11. తాపీ_త్రిమూర్తులు

వద్దు బాబూ. ఇసుక పేలిస్తే రంగుతో పాటు ఇటుక కాలిన పైపొర పోతుంది. అది మళ్ళీ రాదు. ఆ తర్వాత ఇటుక స్పంజిలా నీరు పీలుస్తుంది, దాన్ని ఆపడానికి రసాయనపు సీలరు పూస్తారు, అది ఆవిరిని ఆపుతుంది, మళ్ళీ పెచ్చులు. పోర్ట్‌షెలర్ అచ్చు ఇటుక మీద అయితే ఒక్క పూటలో వంపుల పదును మొత్తం పోతుంది.

నీళ్ళతో కడిగినా పీడనం 100 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటకుండా మొదలుపెట్టాలి.

12. మిద్దె_మాధవి

త్రిమూర్తులు గారితో ఒప్పుకుంటూనే ఒకటి కలుపుతాను. రంగు తియ్యాలా అన్నదే ముందు అడగాలి. పాత సున్నపు వెల్ల అయితే అది ఇటుకకు రక్ష, ఉంచి మీద ఇంకో పూత వేస్తే చాలు. రబ్బరులా సాగే ప్లాస్టిక్ రంగు అయితేనే తియ్యాలి, ఎందుకంటే అది గోడకు ఊపిరాడనివ్వదు. తేడా తెలుసుకోవడం తేలిక: బ్లేడుతో గీకితే పొడిగా రాలేది సున్నం, తోలులా చుట్టుకుని వచ్చేది ప్లాస్టిక్. దానికి పట్టీలా వేసే రసాయనపు ముద్దలున్నాయి, చిన్న చదరం మీద పరీక్షించి వాడాలి.

ఇంకోటి. పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడి గీకుడు, గ్రైండరు రెండూ ఊపిరితిత్తులకు చేటు.

13. త్రిమూర్తులు అభిమాని

లరేడో, బ్రౌన్స్‌విల్‌లలో కొన్ని కొట్లకు కింద ఇనుప స్తంభాలు, పైన నొక్కిన రేకు కార్నిసు ఉంటాయి. అవి ఎక్కడివి?

14. పాతపటం

పోత ఇనుము, రేకు ముఖభాగాలను ఆ రోజుల్లో క్యాటలాగు చూసి తెప్పించుకునేవారు. సెయింట్ లూయిస్‌లోని మెస్కర్ బ్రదర్స్, ఎవాన్స్‌విల్‌లోని జార్జ్ మెస్కర్ దేశమంతటికీ రైలులో పంపారు. స్తంభం పాదం దగ్గర రంగు గీకి చూడండి, తయారీదారు పేరు పోతలోనే ఉండే అవకాశం ఉంది. అయస్కాంతం అంటితే ఇనుము. రేకు కార్నిసు మీద గుద్ది చూస్తే డొల్ల చప్పుడు.

కాలం కట్టడానికి నేను ఎక్కువ నమ్మేది శాన్‌బోర్న్ అగ్నిబీమా పటాలు. ఆ కంపెనీ 1867లో మొదలైంది. బీమా కోసం ఊళ్ళలో ప్రతి భవనాన్నీ కొలిచి గీశారు. గులాబీ రంగు ఇటుక, పసుపు చెక్క, నీలం రాయి. పక్కన వేసిన అంకె అంతస్తులు, ఎస్ అక్షరం కొట్టు, డి అక్షరం కాపురం. చాలావరకు అమెరికా జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. ఒకే మూలను రెండు మూడు సంవత్సరాల పటాల్లో పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో పసుపు, రెండోదాంట్లో గులాబీ ఉంటే ఆ రెండు సంవత్సరాల మధ్య ఇటుక భవనం లేచిందన్నమాట. మీద కాగితం అతికించి దిద్దిన పటాలూ ఉంటాయి, అతుకు అంచు కనిపిస్తే పటం ముద్రణ ఏడు నమ్మొద్దు, అతికించిన ఏడు వెతకాలి.

రోమా ఇంతగా ఎందుకు మిగిలిందో కూడా ఈ తేదీల్లోనే తెలుస్తుంది. లరేడోకి రైలు రాగానే 1881 నుంచి మెక్సికోలోని మాంటెరే వైపు వర్తకం అటు మళ్ళింది. నదిలో పడవలు క్రమంగా ఆగిపోయాయి. రోమాకు కొత్త డబ్బు రాలేదు కాబట్టి పాతవి కూల్చి కొత్తవి కట్టేవాళ్ళు లేకపోయారు. 1884 నాటి కొట్లు అలాగే నిలిచాయి. 1993లో రోమా పాత పట్టణం జాతీయ చారిత్రక స్థలం అయింది.

15. డాలస్_పద్దు

డబ్బు లెక్క నాది. భవనం నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో, విడిగానో, ఒక చారిత్రక ప్రాంతంలో భాగంగానో ఉండి, ఆదాయం తెచ్చేదైతే కేంద్ర పన్నులో అర్హమైన ఖర్చుకు 20 శాతం రాయితీ ఉంది, అయిదేళ్ళకు పంచి తీసుకోవాలి. టెక్సాస్ రాష్ట్రం 2015 నుంచి మరో 25 శాతం ఇస్తోంది. సొంత కాపురానికి కేంద్ర రాయితీ వర్తించదు, కొట్టు, అద్దె ఇల్లు, ఆఫీసు అయితే వర్తిస్తుంది.

కేంద్ర రాయితీకి మరామతు ఖర్చు, సాధారణంగా 24 నెలల్లో, భవనం పుస్తక విలువను (కొన్న ధరకు మెరుగుల ఖర్చు కలిపి, తరుగుదల తీసేస్తే మిగిలేదాన్ని) మించాలి. స్థలం విలువ అందులోకి రాదు. పుస్తక విలువ అయిదు వేల డాలర్ల కంటే తక్కువైతే అయిదు వేలు మించాలి. దరఖాస్తు మూడు భాగాలు. మొదటిది భవనానికి చారిత్రక విలువ ఉందని, రెండోది చెయ్యబోయే పని వివరం, మూడోది పూర్తయిన పని. రెండో భాగానికి ఒప్పుకోలు రాకముందే పని మొదలుపెట్టి, తర్వాత అభ్యంతరం వస్తే నష్టం మనదే. పైన చెప్పిన ఇసుక పేల్చుడు ఒక్కటి చేస్తే చాలు, రాయితీ మొత్తం పోవచ్చు. ప్రతి గోడకూ పని మొదలుపెట్టకముందే ఫోటోలు తీసి, తేదీ, దిక్కు రాసి పెట్టుకోండి.

16. వ్యాలీ_విద్య

ఇప్పుడు చూసినవి: కాలిబాట కాంక్రీటు గోడకు ఆనుకునే ఉంది. ముందు వైపు మూడు తూముల్లో రెండు నాలుగంగుళాల దగ్గర విరిగాయి. గోడ మీద నాలుగో వరుస పైన ఒక అడ్డు ఇటుక వరుస, మళ్ళీ ఆరు వరుసల తర్వాత ఇంకొకటి ఉన్నాయి. కార్నిసు వంపు మీద ఉలి గీతలు లేవు, ఇసుక గరుకుంది.

17. తాపీ_త్రిమూర్తులు

గోడ పొరలు కలిసే ఉన్నాయి, కార్నిసు అచ్చు ఇటుకే. మంచి భవనం. తుపాను కాలం జూన్‌లో మొదలవుతుంది కాబట్టి ముందు ఆ రెండు తూములు మార్పించండి. గోడకు అడుగున్నర బయటికి రావాలి, చివర కింది అంచున గాడి ఉండాలి, లేకపోతే నీటిబొట్టు వెనక్కి గోడ మీదికే పాకుతుంది. కాలిబాట మునిసిపాలిటీదైతే వాళ్ళ అనుమతి తీసుకుని గోడ వెంబడి ఎనిమిదంగుళాల వెడల్పున కాంక్రీటు కోయించి, గులకరాయి నింపించండి. సందులకు ఇప్పుడే చెయ్యి పెట్టొద్దు. నవంబరులో ఫోటోలు పెట్టండి, గోడ ఎంత ఆరిందో చూసి మాట్లాడదాం.